ఎడ్లను బక్కగా గీసిన బొమ్మ

మా జిల్లా పాత కార్టూన్లన్నీ ఒకచోట చేర్చి, మా కాలనీ లైబ్రరీ గోడలకు వేలాడదీయాలన్న పిచ్చి నాకు పట్టి చాలా రోజులైంది. ఇంట్లోవాళ్లు ఇంకా ఓపిక పడుతూనే ఉన్నారు.

ఒకప్పుడు నిజామాబాద్ వారపత్రిక ఒకదానికి బొమ్మలు గీసిన, అందరూ చాచా అని పిలిచే పెద్దాయన బోధన్‌లో ఉంటారు. దుకాణాల బోర్డులు రాసి ఇల్లు నడిపారు, కార్టూన్లు మాత్రం సరదాకు గీశారు. "పాత కార్టూన్లు ఉంటే తీసిపెట్టండి" అని ఫోన్‌లో ఆయన కోడలికి చెప్పాను. తీరా వెళ్లేసరికి వరండాలో ఖాళీ అట్టపెట్టెలు మడిచి, సుతిలి తాడుతో కట్టి సిద్ధంగా ఉన్నాయి. ఆమె కార్టన్లు అనుకుంది.

"ఇంకొకటుందక్కా, గని దాంట్ల మామ గీసిన బొమ్మలున్నయ్. అవి తీసేసి ఇస్త, జర ఆగు" అంది.

పెట్టె ఉంచుకుని బొమ్మలే ఇమ్మంటే నన్ను వింతగా చూసింది.

ఆ పెట్టెలోని ఒక బొమ్మలో మా బాపు, అంటే మా నాన్న, దొరికాడు. చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్ల వరుస. ఒక బండి మీద బాపు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. డొక్కలు ఎండిన అతని ఎడ్లు ముందు బండిలోని చెరుకు నములుతున్నాయి. అది అచ్చయినప్పుడు మాక్లూర్ వైపు చుట్టాలంతా పడీపడీ నవ్వారు. బాపు మాత్రం ఆ పత్రికను మళ్లీ ఇంట్లోకి రానివ్వలేదు. తెరిచిన నోరు చూసి కోపమొచ్చిందని మేమంతా అనుకున్నాం.

"గా బొమ్మ గోడకెక్కితే నేను లైబ్రరీ గడప తొక్క" అన్నాడు ఇప్పుడు కూడా. అంతవరకు ఎన్నడు తొక్కాడని అడిగే ధైర్యం నాకు లేదు. ఉన్నవాటిలో మంచి బొమ్మ అదే. దాన్ని వదిలేయడానికీ, బాపును నొప్పించడానికీ మనసొప్పక చాచానే మా ఇంటికి తీసుకొచ్చాను.

చాయ్ ముందు పెట్టుకుని బాపు మొదలుపెట్టాడు. "నిద్రపోయిన, గీసినవ్, మంచిదే. నా ఎడ్లను గంత బక్కగ ఎందుకు గీసినవ్ సాయబూ? ఊరంత నేను మేత పెట్టనోణ్ణి అనుకున్నరు."

"గంతేనా పటేలా? ఇప్పుడే లావు చేస్త" అంటూ చాచా జేబులోంచి పెన్ను తీశారు.

"చాచా! అది అసలు బొమ్మ, ముట్టొద్దు!" అని అరిచాను.

"గీసింది నేనే గద బిడ్డా. అసలుది నేనా, కాయితమా?"

పెన్ను ఎడ్ల డొక్కల దాకా వచ్చింది. బాపు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు సాయబూ. ఆ యేడు వానల్లేవు. గడ్డి దొరకలె. గట్లనే ఉండె."

బాపు గొంతు అలా వినడం నాకు అదే మొదలు. ఏడుపొచ్చింది. చాచా పెన్ను మూత పెట్టేశారు. ఇద్దరూ చల్లారిన చాయ్ తాగారు.

బొమ్మ గోడకెక్కింది. బాపు గడప తొక్కాడు. కింద అంటించిన చీటీ చదివించుకుని, రెండు ఎడ్ల పేర్లూ చెప్పి అందులో రాయించాడు.

"మరి నీ పేరు బాపూ?"

"నాదెందుకు? నేను పండుకునే ఉంటి గద. నిలబడ్డది అవి."