పాంప్లెట్ నుంచి తీసిన నవ్వు

చాలా ఏళ్ళుగా ఒక తప్పు మోస్తున్నాను. అబద్ధం ఎందుకు, దానివల్ల నాకు అన్నం సయించకుండా పోలేదు, నిద్ర కూడా చెడలేదు. పావని నవ్వినప్పుడు మాత్రం గుండెలో కలుక్కుమంటుంది. ఆ పిల్లేమో చీటికీ మాటికీ నవ్వుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

హైదరాబాద్ కొత్తగూడలో ఫ్లైఓవర్ పక్క సందులో ఒక ప్రింటింగ్ షాపులో డిజైనర్‌ని. డిజైనర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. హాస్టళ్ళకు టులెట్ బోర్డులు, టిఫిన్ సెంటర్లకు మెనూలు, బోనాలకు ఫ్లెక్సీలు, ఎవరికి ఏది కావాలంటే అది. మా ఓనర్ సత్తన్నది పెద్ద నోరు, అంతకంటే పెద్ద మనసు. పెళ్ళై గోదావరి జిల్లా నుంచి వచ్చినప్పుడు నాకు మౌస్ పట్టుకోవడం తప్ప ఏమీ రాదు. పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది ఆయనే. నేను "అండి" అన్నప్పుడల్లా ఇప్పటికీ వెక్కిరిస్తాడు. సందులో పెళ్ళయినా చావయినా ముందు మాకే తెలుస్తుంది, కార్డో ఫోటోనో కావాలి కదా. ఆ షాపంటే నాకు పుట్టింటి మీద ఉన్నంత ప్రేమ. ఆ ప్రేమ కొద్దీ నోరు మూసుకున్నానని చెప్పుకుంటే బాగానే ఉంటుంది, కానీ అది నిజం కాదు.

సత్తన్నకు ఒకటే పట్టింపు. ఎవరు పాత ఫోటో తెచ్చినా చెయ్యి పెట్టకముందే స్కాన్ తీయాలి. ఎలా ఉన్నది అలాగే, మురికితో సహా. ఏ మరమ్మతైనా ఆ తర్వాతే.

ఒక మధ్యాహ్నం ఆయన ఫ్లెక్సీ కట్టించడానికి గచ్చిబౌలి వెళ్ళాడు. అప్పుడు మల్లేశన్న వచ్చాడు. మా వెనక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్. భార్య జ్వరంతో పోయింది. పసి కూతురిని వదిలేసి పోయింది. ఆ కూతురే పావని. మర్నాడు దినాలు, పెద్ద ఫోటో కావాలన్నాడు. పర్సులోంచి లామినేషన్ చేసిన చిన్న ఫోటో ఒకటి తీసి ఇచ్చాడు. ఎప్పుడో జాతరలో దిగిందట. ఆమెది అదొక్కటే. ఓటరు కార్డు ఉంటుందిగా అంటారేమో. ఓటరు కార్డులో నా మొహాన్ని నేనే గుర్తుపట్టను.

దగ్గరగా పెట్టుకుని చూశాను. ఆమె నవ్వడం లేదు. కెమెరా అంటే బెదురనుకుంటా. పైవరసలో ఎడమవైపు పన్ను మీద పన్ను. దాంతో పెదవి కొంచెం లేచి నోరు పూర్తిగా మూతపడలేదు. ఏదో అడగబోయి ఆగినట్టు ఉంది.

ప్లాస్టిక్ నిండా గీతలు. ఇలాగే స్కాన్ తీస్తే మెరుపు కొడుతుంది, ముందు ఇది తీసేస్తే? అప్పటికి పనంతా వచ్చేసిందని పొగరు నాకు. బ్లేడుతో అంచు లేపి లాగాను. ముక్కు కింది నుంచి మెడ దాకా రంగంతా ప్లాస్టిక్‌కు అంటుకుని పొరలుగా వచ్చేసింది. అతికిద్దామని చూస్తే వేళ్ళ కింద పొడైంది. కాగితం మీద నుదురు, కళ్ళు మిగిలాయి. కింద అంతా తెలుపు.

సత్తన్నకు ఫోన్ చేసి ఉండాల్సింది. తిట్టేవాడు. తర్వాత వచ్చి మల్లేశన్నకు తనే నచ్చజెప్పేవాడు. ఎందుకు చేయలేదు? ఉద్యోగం పోతుందనా? పోదని నాకు తెలుసు. ఆయన ముందు చిన్నబోవడం ఇష్టం లేక, అంతే.

కంప్యూటర్‌లో ఆ వారమే చేసిన పళ్ళ డాక్టరు పాంప్లెట్ ఒకటి ఉంది. దాని మీద ఎవరో అమ్మాయి నవ్వుతోంది. ఆ నవ్వు కత్తిరించి, రంగు కలిపి, పావని వాళ్ళమ్మ ముక్కు కింద పెట్టాను. పని బాగా కుదిరింది. కుదిరినందుకు, సిగ్గులేకుండా, సంతోషించాను కూడా.

సాయంత్రం మల్లేశన్న ఫ్రేము చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"మూతికాడ జర వేరేగ ఉన్నట్టుంది గదమ్మా?"

"పాత ఫోటోలో సరిగా కనపడలేదండి. క్లియర్ చేస్తే ఇలాగే వస్తుంది."

"గంతేనా? ఏమో, నా కండ్లే మసక కొడుతున్నయ్. మీకే ఎరుక ఉంటది. పాతది ఇయ్యరాదు?"

"అది పాడైపోయిందండి. అంతా ఇందులోనే ఉంది."

మల్లేశన్న కండువాతో అద్దం తుడిచి, ఫ్రేము గుండెకు ఆనించుకుని వెళ్ళాడు. బ్లేడు పెట్టడం పొరపాటు. అది మల్లేశన్నే క్షమించేవాడు. కానీ కాపురం చేసిన మనిషికి, తన భార్య మొహం తనకంటే నాకే బాగా తెలుసని ఒప్పించాను చూశారా, నేను చేసిన పాపం అది.

పావని మా షాపులోనే పెరిగిందని చెప్పాలి. బడి నుంచి వచ్చి ఫ్యాన్ కింద కూర్చునేది. సత్తన్న మిగిలిన రంగు కాగితాలన్నీ దానికే ఇచ్చేవాడు. నన్ను అక్కా అక్కా అంటూ కొంగు పట్టుకుని తిరిగేది. దానికి జడలు వేశాను, ప్రాజెక్టు పనులు చేసిపెట్టాను. అది ప్రేమా, పరిహారమా? రెండూ ఏమో. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చాక ఒకరోజు నవ్వుతుంటే చూశాను. ఎడమవైపు, పన్ను మీద పన్ను.

కాస్త పెద్దయ్యాక నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. వాళ్ళమ్మ వైపు వాళ్ళతో రాకపోకలు లేవు. అమ్మ పళ్ళెలా ఉండేవని తండ్రిని అడిగితే, మీ అమ్మ ఫోటోలో ఉన్నట్టే ఉండేదని చెప్పాడట. ఆయన అబద్ధం ఆడలేదు. రోజూ చూసి చూసి, ఆయన కళ్ళలోనూ నేను పెట్టిన నవ్వే మిగిలింది.

డిగ్రీ అయ్యాక గచ్చిబౌలిలో ఒక ఆఫీసు రిసెప్షన్‌లో ఉద్యోగం వచ్చింది. జీతం దాచుకుంటూ ఒకరోజు చెప్పింది.

"మా అమ్మకు పండ్లు ఎంత సక్కగ ఉండె! నాకే ఏడికెళ్లి వచ్చిందో ఈ పన్ను. పీకిపిచ్చుకుంట అక్కా, క్లిప్పులు పెట్టిపిచ్చుకుంట."

అప్పుడైనా చెప్పాలి కదా. నొప్పి ఉంటుందేమో అన్నాను, అంతే. డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు రోజూ సాయంత్రం ఆఫీసు బస్సు దిగి మా షాపు ముందు నుంచే ఇంటికి వెళ్ళేది. రోజూ పిలుద్దామనుకున్నాను. పిలిస్తే, వాళ్ళు రోజూ దండం పెట్టే మొహంలో సగం ఎవరిదో పరాయిదని కూడా చెప్పాలి. తండ్రికి భార్యను రెండోసారి పోగొట్టాలి. ఇవన్నీ సాకులా? సాకులే.

మొన్న క్లిప్పులు తీసేశారు. నేరుగా షాపుకే వచ్చింది. నా ముందు నిలబడి, చెయ్యి అడ్డం లేకుండా, నోరారా నవ్వింది.

"ఇప్పుడు మా అమ్మ లెక్క ఉన్ననా అక్కా?"

"ఉన్నావమ్మా" అన్నాను.

ఇంతకుముందే వాళ్ళమ్మలా ఉండేది. తల్లి మొహం నుంచి ఆ పిల్లకు మిగిలింది ఆ ఒక్క పన్ను. అది ఎవరిదో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. పీకించుకోబోతుంటే చూస్తూ ఊరుకున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, మీరు క్షమించేది కూడా కాదు ఇది. పావనికి చెప్పే ధైర్యం వస్తుందో రాదో కూడా తెలియదు. కానీ వాళ్ళమ్మ అసలు మొహం ఇన్నాళ్ళూ నా ఒక్కదాని తలలోనే ఉండిపోయింది. ఇప్పుడు మీకూ తెలుసు. రాశాక కాసేపు ఏడ్చాను, తర్వాత కొంచెం ఊపిరాడింది.