పదో గౌను

చర్చిలో బాప్తిస్మం గౌన్లు పది. పదీ ఇస్త్రీ అక్క చేతి మీదుగా వెళ్లాల్సిందే. ఉతకడం, మడతపెట్టడం ఎవరైనా చేస్తారు. అంచుల్లో సీసపు గుండ్లు కుట్టడం మాత్రం ఆమె పని. ఆ బరువు లేకపోతే బాప్తిస్మానికి నీళ్ల తొట్టిలోకి దిగిన మనిషి గౌను గొడుగులా పైకి లేస్తుంది. ఒకసారి ఓ పెద్దావిడకు అలాగే లేచింది. పాట పాడుతున్నవాళ్లందరూ గబుక్కున కళ్లు మూసుకుని మరీ భక్తిగా పాడాల్సొచ్చింది. ఆ మర్నాడే ఇస్త్రీ అక్క చేపల వలలకు కట్టే గుండ్లు తెచ్చి, అంచు మడతలో దూర్చి కుట్టేసింది.

ఆమె కూడా ఆ తొట్టిలో మునిగిన మనిషే. మొగుడు పోయిన ఏడాది, చంటివాణ్ణి ఎవరి చేతిలోనో పెట్టి దిగింది. “నమ్ముతున్నావా?” అని పాస్టరుగారు అడిగేసరికి బయట పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. “నమ్ముతున్నానండీ, కానివ్వండి” అంది. ఆ తర్వాత నమ్మకం నిజంగానే వచ్చింది. ఎప్పుడొచ్చిందో ఆమెకూ తెలియదు. వీధి చివర ఒక్క గది కొట్టు, నిలబడి నిలబడి ఉబ్బిన కాళ్లు, ఎదిగొచ్చిన కొడుకు. ఇదీ ఆమె ఇరవై రెండేళ్ల సంపాదన.

కొడుకు మేడలకు రంగులేసేవాడు. తాటిచెట్టంత మనిషి. వాడి బాప్తిస్మం కోసమని పదో గౌను అంచు విప్పి నాలుగు వేళ్లు కిందికి దించింది. ఆ ఆదివారం వాడు గౌను తొడుక్కుని తొట్టి మెట్ల దాకా వచ్చి ఆగిపోయాడు.

“ఏమైందిరా?” అంది, తువ్వాళ్లు పట్టుకుని పక్కనే నిలబడ్డ తల్లి.

“నమ్ముతున్నావా అని అడుగుతారు కదమ్మా.”

“అడిగితే నమ్ముతున్నానను.”

“నాకింకా కుదరలేదమ్మా. అబద్ధమాడి దిగమంటావా?”

“ముందు దిగరా బాబూ. మిగతాది దాని మానాన అదే వస్తుంది. అందరూ చూస్తున్నారు, నా పరువు తియ్యకు.”

వాడు నవ్వాడు. గౌను విప్పి, ఆమె నేర్పిన పద్ధతిలోనే మడతపెట్టి, ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆమె వారం రోజులు వాడితో మాట్లాడలేదు. ఆ ఆదివారం తర్వాత పదకొండో వారంలో వాడు మూడో అంతస్తు పరంజా మీద నుంచి పడిపోయాడు. ప్రాణం ఆస్పత్రి దాకా కూడా ఆగలేదు.

మట్టి చేసేటప్పుడు పాస్టరుగారు చివర్లో ఒక మాట అంటారు. “ఇది వీడ్కోలు కాదు, మళ్లీ కలుస్తాం.” పెళ్లాన్ని రోజూ చావబాదిన తాగుబోతు పోయినప్పుడూ అన్నారు. ఇస్త్రీ అక్క పిడికెడు మట్టి పట్టుకుని ఆ మాట కోసం ఎదురుచూసింది. ఆయన ప్రార్థన ముగించారు. పుస్తకం మూశారు. ఆ మాట అనలేదు. ఆమె పిడికిలి ఎవరో వచ్చి విప్పాల్సొచ్చింది.

నెల తర్వాత పాస్టరుగారు ఇస్త్రీకి చొక్కాలు పట్టుకుని ఆమె కొట్టుకు వచ్చారు. అక్కడ బల్ల మీద పేపరు చదువుతూ బడిలో పనిచేసి రిటైరైన సండేస్కూలు మాస్టారు ఉండనే ఉన్నారు. ఇద్దరూ కలిస్తే ఊరుకోరు, ఇద్దరూ దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్లే.

“ఇరవై నాలుగేళ్ల బతుక్కి అంతులేని శిక్షా పాస్టరుగారూ? మా బళ్లో ఫెయిలైనవాడికి కూడా మళ్లీ పరీక్ష పెట్టేవాళ్లం.”

“తలుపు మూసేది నేను కాదు మాస్టారూ, చావు. అది మూసుకోదని చెప్పి జనాన్ని జోకొట్టమంటారా?”

“చావు ఆయనకంటే పెద్దదా? చచ్చినవాళ్లున్న చోటికి కూడా ప్రభువు దిగి సువార్త ప్రకటించాడని చదవలేదూ?”

“ఆ వాక్యానికి వంద అర్థాలు చెబుతారు.”

“వందలో మంచిదొకటి ఏరుకుంటే మీ సొమ్మేం పోయింది?”

మాడు వాసన వచ్చింది. ఇన్నేళ్లలో ఒక్క గుడ్డ కాల్చని మనిషి పాస్టరుగారి చొక్కా వీపు మీద ఇస్త్రీ పెట్టె ముద్ర వేసేసింది. 

“అయ్యగారూ, ఆ రోజు ఆ మాట ఎందుకనలేదు?”

పాస్టరుగారు కాలిన చొక్కా వైపే చూస్తూ అన్నారు. “నోటిదాకా వచ్చిందమ్మా. నాకు నమ్మకం లేకుండా అంటే నీకు అబద్ధం చెప్పినట్టవుతుంది.”

“తాగుబోతుకు అన్నారే?”

“ఎలా బతికినా అతను తొట్టిలో దిగాడు.”

“అయితే నేను దిగుతా. వాడి బదులు. పోయినవాళ్ల కోసం అలా దిగేవాళ్లు పూర్వం ఉండేవాళ్లని మీరే చదివారు.”

“ఉన్నారేమో. మనం చెయ్యం. ఒకళ్ల నమ్మకం ఇంకొకళ్లు తొడుక్కునేది కాదమ్మా.”

మాస్టారు కూడా తలూపారు. “అది మాత్రం నేనూ ఒప్పుకోనమ్మాయ్.”

“ఏడాది పొడుగునా కొట్టుకునేవాళ్లు, ఒక్క మాట మీదికి రావడానికి నా కొడుకే దొరికాడా?” అని ఆమె ఇస్త్రీ పెట్టె స్విచ్చి తీసేసింది.

మళ్లీ బాప్తిస్మం ఆదివారం వచ్చింది. తొమ్మిది మంది దిగారు. అందరూ భోజనాలకు వెళ్లాక ఇస్త్రీ అక్క తడి గౌన్లు తీగ మీద ఆరేసి, పొడిగా మిగిలిన పదోది కట్టుబట్టల మీదే తొడుక్కుంది. అది ఆమె పాదాలు దాటి నేల మీద జీరాడింది. కుచ్చిళ్లలా ఎత్తిపట్టుకుని మెట్లు దిగింది. నీళ్లు నడుం దాకా వచ్చాయి. వదలగానే తను కుట్టిన గుండ్లే తనను కిందికి లాగాయి.

ముక్కు పట్టుకుంది. “నమ్ముతున్నావా?” అని తనే అడిగింది.

జవాబు చెప్పాల్సింది వాడు. వాడి గొంతు తప్ప ఆమెకు ఇంకేం వినిపించలేదు. నాకింకా కుదరలేదమ్మా.

అవునంటే చాలు. వినేవాళ్లు కూడా లేరు. కానీ అలా అంటే, ఆ మెట్ల మీద వాడు చేసిన పనిని తన చేత్తో చెరిపేసినట్టే. మోకాళ్లు వంచింది. మునగలేదు. అలాగే నిలబడి, నోట్లో గౌను చెయ్యి కుక్కుకుని ఏడ్చింది.

తలెత్తేసరికి గుమ్మంలో పాస్టరుగారు. ఎప్పుడొచ్చారో.

“మునిగావా అమ్మా?”

“లేదయ్యగారూ. వాడు నా కోసమైనా అబద్ధమాడలేదు. నేను వాడి పేరు మీద ఎలా ఆడేది?”

ఆయన దిగొచ్చి, చెయ్యందించి పైకి తెచ్చారు. ఆమె గౌను విప్పింది. రెండో కొస ఆయన పట్టుకున్నారు. ఇద్దరూ చెరోవైపు మెలితిప్పుతుంటే గుండ్లు మెట్టుకు తగిలి టకటకలాడాయి.

“ఆ మాట ఇప్పుడూ అనలేనమ్మా” అన్నారాయన. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“అనొద్దు అయ్యగారూ” అంది ఇస్త్రీ అక్క. “గట్టిగా పిండండి. మీ వైపు ఇంకా కారుతోంది.”