ఒక్క అక్షరం తేడాతో వచ్చిన కబురు

నా చిన్నప్పుడు రేగొండలో మా డాబా మీద ఒక పొడవాటి తీగ కట్టి ఉండేది. అది మా చిన్నాయన రేడియోది. ఆయన బడిలో సైన్సు చెప్పేవారు, ఇంట్లో లైసెన్సు తీసుకుని హామ్ రేడియో నడిపేవారు. అందులో మాట్లాడేవాళ్లు తమ పేరుకు బదులు అక్షరాలు, అంకెలు కలిసిన కాల్‌సైన్ చెప్పుకుంటారు. కాళేశ్వరంలో ఉన్న ఆయన స్నేహితుడిదీ, మహబూబాబాద్ స్నేహితుడిదీ దాదాపు ఒకటే కాల్‌సైన్. చివర కాళేశ్వరం ఆయనది ‘బి’, మహబూబాబాద్ ఆయనది ‘డి’. తేడా అంతే.

ఆ ఏటి వానలకు గోదావరి పొంగింది. ఫోన్లు పనిచేయలేదు. పక్కింటి అక్క భర్త లారీ మీద కాళేశ్వరం వెళ్లి తిరిగి రాలేదు. అక్కడ ఒక లారీ వాగులో చిక్కిందని మాత్రం రేడియోలో తెలిసింది. మర్నాడు పొద్దున గరగరల మధ్య ఒక గొంతు వినిపించింది. వాగులో చిక్కిన లారీలోని వాళ్లంతా క్షేమమని చెప్పింది. చిన్నాయనకు చివరి అక్షరం ‘బి’ అని వినిపించింది. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నారు కాబట్టి మళ్లీ అడగలేదు. నేను ఉరికిపోయి చెప్పాను. అక్క ఏడుస్తూనే నవ్వింది. వాడకట్టంతా బెల్లం పంచింది.

మధ్యాహ్నం గరగర తగ్గాక మహబూబాబాద్ ఆయన మాట్లాడారు. తమ దిక్కు వాగులో చిక్కిందని పొద్దున తాను చెప్పిన లారీ వాళ్లకు భోజనాలు పెట్టించారట. పొద్దున విన్నది ‘బి’ కాదు, ‘డి’ అని చిన్నాయనకు అప్పుడు తెలిసింది. కాళేశ్వరం నుంచి అసలు కబురే రాలేదు.

సాయంత్రం దాకా ఆగమంది నానమ్మ. ఆలోపు అక్క భర్తే ఇంటికి వస్తే ఎవరికీ చెప్పుకోవాల్సిన పని ఉండదంది. నాకూ అదే బాగుందనిపించింది. చిన్నాయన చెప్పులేసుకుని నన్ను పిలిచారు. నేను తలుపు వెనక్కి జరిగాను.

“మంచి మాట జెప్పెటందుకు ఉరికినవ్ గదా బిడ్డా. దీనికి గూడ రా.”

అక్క వాకిట్లో ఇంకా చుట్టాలు కూర్చుని ఉన్నారు. చిన్నాయన అందరి ముందూ నిలబడ్డారు.

“చెల్లె, పొద్దున నేను జెప్పింది తప్పు. అది మహబూబాబాద్ దిక్కు లారీ. మీ ఆయన సంగతి నాకింకా తెల్వదు.”

అక్క గోడకు ఆనుకుని కూలబడింది. ఆమె అత్త చిన్నాయన ముఖంలోకి చూసింది.

“తెల్వనప్పుడు తెల్వదనాలె గద నాయినా.”

“అనాలె అవ్వా. అనలే.”

ఇంకేమీ సర్దిచెప్పుకోలేదు. తల దించుకుని అక్కడే నిలబడ్డారు. నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండునని అనిపించింది. పంచిన బెల్లం తిన్నవాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు. నా నోట్లో ఇంకా ఆ తీపి ఉంది.

కాసేపటికి అక్కే మా ఇంటికి వచ్చి రేడియో గది గడప మీద కూర్చుంది. చిన్నాయన ప్రతి గొంతునూ కాల్‌సైన్ ఒక్కో అక్షరంగా చెప్పమని అడిగారు, విన్నది తిరిగి పలికి అవునంటేనే ముందుకు సాగారు. మర్నాడు కాళేశ్వరం నుంచి నిజమైన కబురు వచ్చింది. ఆమె భర్త లారీని వదిలేసి ఒడ్డెక్కాడు, జ్వరంతో ఒక ఇంట్లో ఉన్నాడు. అక్క చేతులు జోడించబోతే చిన్నాయన వద్దన్నారు. ఆమె భర్త బతికి ఉండటం తన గొప్ప కాదని, ఆ ఒక్క పూట తాను ఆమెకు చేసింది మాత్రం తన తప్పేనని అన్నారు. ఆ తర్వాత చాలాకాలం ఆ ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు ఆయన నడక మెల్లగా అయ్యేది.

ఇప్పుడు నాకూ మనవరాళ్లున్నారు. మొన్న మా కోడలికి ఒక సంగతి తప్పుగా చెప్పానని గుర్తొచ్చి, అన్నం ముందు నుంచి లేచి వెళ్లి చెప్పాను. అందరూ ఉన్నారు. ముఖం చెవుల దాకా వేడెక్కింది. అయినా చెప్పడం అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.