సిద్ధిరాములు బెల్లంగడ్డ

కామారెడ్డి గంజ్‌లో ప్రభుత్వాలు మారాయి, ధరలు మారాయి. పది బస్తాలకోసారి బుగ్గన బెల్లంగడ్డ పెట్టుకునే హమాలీ సిద్ధిరాములు సంప్రదాయం మాత్రం ముప్పై ఏళ్లుగా చెక్కుచెదరలేదు. కళ్లు మూసుకుని, ఆ తీపి కండల్లోకి దిగిందని నిర్ధారించుకున్నాకే పదకొండో బస్తాకు వీపు వంచేవాడు. 2012లో ఈ సంప్రదాయానికి గండం వచ్చింది. కాలిపుండు మానడం లేదని భార్య లక్ష్మీనర్సమ్మ అతన్ని షుగర్ పరీక్షకు తీసుకెళ్లింది. "నూట నలభై దాటిందా, గా బెల్లం బందే, చూస్కో!" అంది. తిన్న రెండు గంటలకు రక్తం తీస్తే నూట ఇరవై ఆరు వచ్చింది. సిద్ధిరాములు మీసం దువ్వాడు.

ల్యాబులో పనిచేసే వినీతకు అతని చొక్కా నిండా ఉన్న సిమెంటు చూసి అనుమానం వచ్చింది. "గీ రెండు గంటలు ఏం చేసినవ్ బాపు?"

"ఉత్తగ కూసుంటే పొద్దు పోతదా బిడ్డా? ఎదురుంగ లారీ ఉంటే దించొచ్చిన."

"ఇంకేంది! తిన్నదంతా నీ కండలే గుంజుకున్నయి. గిది లెక్కకు రాదు, రేపు మళ్ల రా."

"గందుకే కద బిడ్డా, నేను బెల్లం తినేది!"

మర్నాడు లక్ష్మీనర్సమ్మ అతని తువ్వాలను తన కొంగుకు ముడేసుకుని, రెండు గంటలూ బెంచీ మీద పక్కనే కూర్చోబెట్టుకుంది. ఈసారి రెండు వందల డెబ్బై వచ్చింది.