సున్నా పవరు కళ్లద్దాలు

హేమ కళ్ల టపటప నా అద్దాలతోనే తగ్గిందని తిరుపతిలో చాలామంది నమ్మారు. కాదని నేను ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

1999లో బస్టాండు దగ్గర నాకు చిన్న కళ్లద్దాల షాపు ఉండేది. పక్క వీధిలో లాడ్జి నడిపే మునిరెడ్డి, ఆయన భార్య సుగుణమ్మ తమ తొమ్మిదేళ్ల కూతురు హేమను తీసుకొచ్చారు. పాప రెప్పలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. ఒక్కోసారి ఒక కన్నే మూసుకుపోతోంది.

“లెక్కల సారుకు కన్ను కొడతాండాదంటప్పా. వరండాలో కూసోబెట్టినాడు. ఇంగోసారి కొడితే బడికే రావద్దన్నాడు,” అన్నాడు మునిరెడ్డి.

“నేను కొట్టల్యా నాయనా, అదే కొట్టుకుంటాది,” అంది హేమ.

ట్రయల్ ఫ్రేమ్ పెట్టాను. అద్దాలు మార్చి మార్చి చూసే చట్రం అది. పాప చార్టులో ఆఖరి వరుస చదివి, దాని కింద చీమల్లా ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివింది. పవరు సున్నా. ఆ మాటే చెప్పాను.

“సున్నా ఏందప్పా! గిరాకీ వదులుకొని వచ్చినాను. ఎంతో కొంత ఎయ్యి!”

వేశాను. ఉత్త అద్దాలు, ఎర్ర ఫ్రేమ్. కొన్నాళ్లకు టపటప ఆగిపోయింది. మునిరెడ్డి తన లాడ్జిలో దిగినవాళ్లందరికీ నా గొప్ప చెప్పాడు. కొండ దిగిన గుండ్లన్నీ నా షాపు ముందు వరుస కట్టాయి. నడుం నొప్పికి అద్దాలడిగినవాడూ ఉన్నాడు.

చలికాలంలో టపటప తిరిగొచ్చింది, ఈసారి భుజం ఎగరేతతో సహా. పాప మళ్లీ వరండా పాలైంది. సుగుణమ్మ ఆ అద్దాలు పట్టుకొని వచ్చింది.

“అన్నా, గొంతునొప్పీ జరమూ వచ్చినాకే ఇది మొదలవతాది. పోయినసారీ అంతే.”

మా వృత్తిలో ఒక అలవాటుంది. ఎవరు ఏ ఫిర్యాదు తెచ్చినా ముందు అద్దాలు తుడిచి ఇస్తాం. సగం ఫిర్యాదులు దాంతోనే తీరిపోతాయి. “దుమ్ము పట్టిందిమ్మా,” అని తుడిచి ఇచ్చాను. వేసవి దాకా తుడుస్తూనే ఉన్నాను.

ఒకరోజు తల్లీకూతుళ్లు షాపులో ఉండగా, పిల్లల డాక్టరు ఒకాయన తన ఫ్రేమ్‌కు స్క్రూ బిగించుకోవడానికి వచ్చాడు. హేమను గమనించాడు. సుగుణమ్మ చెప్పిందంతా విన్నాడు.

“దీన్ని టిక్ అంటారు. కావాలని చేసేది కాదు, ఆపుకోలేని కదలిక. గొంతులో చేరిన సూక్ష్మజీవి మీద పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ, కొందరు పిల్లల్లో పొరపాటున మెదడులో కదలికలు నడిపే చోటు మీద కూడా పడుతుందేమోనని అనుమానం. ఇంకా తేలలేదు. టిక్‌లు వాటంతటవే తగ్గుతాయి, వస్తాయి కూడా.”

ఆయన గొంతు పరీక్ష చేయించి మందు రాశాడు. అంతకన్నా ముఖ్యం, బడికి వెళ్లి లెక్కల సారుతో మాట్లాడాడు. హేమ మళ్లీ తరగతిలోకి వచ్చింది. కొన్ని వారాలకు టపటప కూడా తగ్గింది.

“మందూ, ఈయప్ప ఇచ్చిన అద్దాలూ రెండూ కలిసి పనిచేసినాయి!” అని మునిరెడ్డి వీధంతా చాటాడు. నేను నోరు విప్పలేదు.

కొన్నేళ్లకు సుగుణమ్మ చత్వారం అద్దాల కోసం వచ్చింది. ఇక ఉండబట్టలేక, “హేమకిచ్చినవి ఉత్త అద్దాలమ్మా,” అన్నాను.

“తెలుసన్నా. ఆ పొద్దే పెట్టుకొని సూసినా. చీమ చీమ మాదిరే కనపడింది.”

“మరి అడగలేదేమమ్మా?”

“అద్దాల మాట ఇడిసిపెట్టన్నా. నేను గొంతు సంగతి చెప్పినా. నువ్వు అద్దాలు తుడిసినావు.”

అప్పుడు కూడా నా చేతుల్లో ఆమె అద్దాలూ, తుడిచే గుడ్డా ఉన్నాయి. రెండూ బల్ల మీద పెట్టేశాను.

“తప్పయిందిమ్మా. నీ మాట ఆ పొద్దే ఇనుంటే, పాప అన్నాళ్లు వరండాలో కూసునేది కాదు.”