తిరుత్తణి కొండ మీద మార్చిన మొక్కు

మా అక్క కూతురు సత్యప్రియ గురించి రాయడానికి తిరువళ్లూరులో నన్ను మించినవాడు లేడు. నేను కాలేజీ మధ్యలో మానేసింది, నాకు చెప్పడానికి అక్కడివాళ్ల దగ్గర ఇంకేమీ మిగలకే.

చిన్నప్పుడు సత్యప్రియ మగ్గం పక్కన కూర్చుని చిక్కుపడ్డ నూలు విప్పేది. ఇప్పుడు చెన్నైలో పరిశోధన చేస్తూ, ఎప్పటికీ విడిపోని చిక్కు కోసం వెతుకుతోంది. ఆమె పెంచిన ఆకుపచ్చ స్ఫటికం ఆవగింజంత. అందులో కంటికి కనబడని అయస్కాంతాలు ముక్కోణాలుగా ఉంటాయట. పక్కది పైకి చూస్తే ప్రతిదీ కిందికి చూస్తానంటుంది. రెండింటికి కుదురుతుంది. మూడోది ఎటు తిరిగినా ఒకదానితో పేచీయే.

"మనింట్లో ముగ్గురు తోడికోడళ్ల మాదిరి" అన్నాను ఫోన్‌లో.

"అదే మామా. ఎంత చల్లబరిచినా అవి ఒక తీరుకు రాకూడదు. వచ్చినాయంటే ఇన్నేళ్ల పని పోయినట్టే. రేపే కొలిచేది."

ఫోన్ పక్కనే ఉన్న మా అక్క తిరుమలమ్మ ముఖం పాలిపోయింది.

"అన్నీ ఒకే దిక్కుకు బుద్ధిగా నిలబడాలని తిరుత్తణి మురుగన్‌కి మొక్కినానే పాపా. మీ మామ తల గుండు కొట్టిస్తానన్నాను."

నా తల సంగతి నాకు తెలిసింది అప్పుడే.

తెల్లవారగానే అక్క నన్ను తిరుత్తణి బస్సెక్కించింది. సన్నిధిలో చేతులు జోడించి, "సామీ, ముందు అడిగినది వదిలేయి. అవి కొట్లాడుకుంటానే ఉండనీ" అంది.

"అట్లయితే గుండు కూడా వద్దని చెప్పక్కా."

"అడిగేది మార్చినాను. ఇచ్చేది మారిస్తే బాగుంటుందా?"

నా జుట్టు ఎంత దట్టమంటే, గుండు గీసేవాడు నడుమలో కాఫీ తాగి వచ్చాడు.

సాయంత్రం సత్యప్రియ ఫోన్ చేసింది. "ఏమీ కాలేదమ్మా. అంత చలిలోనూ కొలత గీత నున్నగా దిగింది. అవి ఒక తీరుకు వచ్చుంటే గీతలో మలుపు కనబడేది, యాడా మలుపే లేదు."

అక్క కళ్లు తుడుచుకోవడం చూసి పక్కింటి సరసమ్మ లోపలికి వచ్చింది. "పోనీలే అక్కా, పాప పరీక్ష మళ్లీ రాసుకుంటుంది."

"ఏమీ కాలేదనే సరసా ఈ సంతోషం" అని అక్క ఆమె చేతిలో లడ్డు పెట్టింది. సరసమ్మ మా అక్కను వింతగా చూస్తూనే తినేసింది.

ఆదివారం సత్యప్రియ ఇంటికొచ్చి నా నున్నటి తల నిమిరింది.

"ఒక్క స్ఫటికంతో ఎవరూ నమ్మరు మామా. ఇంకొకటి పెంచుతుండాను. నువ్వూ జుట్టు పెంచుకో."