కన్ను తెరవని పుంగనూరు ఆవు

పుంగనూరులో పెయింటర్ గంగాధరం చెయ్యి పడని బోర్డు లేదు. ఎరువుల కొట్టు, సైకిల్ షాపు, మంగలంగడి, అన్నీ ఆయన రాసినవే. చదివింది ఐదో తరగతే అయినా అక్షరం రాస్తే ముత్యాలు పేర్చినట్టుండేది. బొమ్మల దగ్గర మాత్రం ఆయనకొక పట్టు. దేవుడైనా, మనిషైనా, కోడిపెట్టయినా కన్ను చివరనే వేస్తాడు. అదీ బొమ్మ అడిగినవాళ్లు ఆకూ వక్కా చేతిలో పెట్టాకే. వాళ్ల నాయన నేర్పిన పద్ధతి అది. ఒక హోటలాయన ఆ మాట మరిచిపోతే, ఆయన బోర్డు మీది కోడి రెండు నెలలు గుడ్డిదిగానే నిలబడింది. ఊళ్లో అందరికీ ఈ సంగతి తెలుసు కాబట్టి ఎప్పుడూ పేచీ రాలేదు.

తొంభై ఏడులో మదనపల్లెలో సర్కారు పశువుల ప్రదర్శన పెట్టింది. దాన్ని నడిపించే రాజగోపాల్ కోస్తా నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చిన ఆఫీసరు. ప్రదర్శనకు ఒక లోగో ఉండాలి, బ్యానర్ల మీదా బ్యాడ్జీల మీదా కవర్ల మీదా అదే కనిపించాలి అని ఆయన పంతం. గుమాస్తా వెంకటమునిని గంగాధరం ఇంటికి పంపాడు.

"లోగో అంటే గుర్తు గంగాధరప్పా. సిన్నగా ఉండాల, సూస్తానే ఇది ఫలానా అని తెలియాల."

"అయితే పుంగనూరు ఆవే. అంతకంటే సిన్నది ఇంకేముండాది?"

నాలుగు రోజులు పక్కింటి కొట్టం ముందు కూర్చుని ఆవునే చూశాడు. భార్య కృష్ణమ్మకు ఒళ్లు మండింది.

"ఇరవై ఏండ్లలో నా మొగాన్ని ఇంతసేపు సూసింటే ఎట్లుండునో!"

"నువ్వు ఒక గడియ నోరు మూసుకొని నిలబడింటే కదా!"

పచ్చటి చక్రంలో పొట్టి తెల్లావు. కింద 'గంగా ఆర్ట్స్, పుంగనూరు' అని సంతకం. ఊరి పొలిమేర దాటబోతున్న మొదటి బొమ్మ అదే. అందుకే దాన్ని బట్టలో చుట్టి ఇస్తూ మరీ మరీ చెప్పాడు: "సారుకు సూపించి, ఆకూ వక్కా తీసుకొని రమ్మను. కన్ను అప్పుడు తెరుస్తాను."

వెంకటముని తల ఊపాడు గానీ, బస్సులో వెనక్కి తగ్గాడు. ముక్కు మీద కోపమున్న ఆఫీసరుతో 'ఆకూ వక్కా తెండి' అని ఎట్లా అనేది? చూసి ఆయనే అడుగుతాడులే అనుకున్నాడు.

రాజగోపాల్ బొమ్మను చూసి మురిసిపోయాడు. "కన్ను వెయ్యలేదు చూశావా! దీన్నే మోడ్రన్ ఆర్ట్ అంటారు. పల్లెటూరి పెయింటరుకు ఎంత ఊహయ్యా!"

వెంకటముని అసలు సంగతి చెప్పకుండా బొమ్మను మళ్లీ బట్టలో చుట్టాడు. సాయంత్రానికల్లా బొమ్మ ప్రెస్సుకు పోయింది.

ప్రదర్శన నాడు గంగాధరం ఉతికిన పంచె కట్టి, కృష్ణమ్మను వెంటబెట్టుకుని మదనపల్లెలో బస్సు దిగాడు. ఎదురుగా పెద్ద బ్యానరు. గుడ్డి ఆవు. దాని కింద తన పేరు. అదే బస్సు దిగిన పుంగనూరు మనిషి ఊరుకుంటాడా?

"గంగాధరప్పా, మన ఆవుకు కండ్లెప్పుడు పోయినాయి? కంటాసుపత్రికి తోలకపోదాం పా!"

గంగాధరం గబగబా ముందుకు నడిచాడు. ఈ మాట తనకంటే ముందే ఊరు చేరుతుంది. రేపటి నుంచి తన చేతికి బోర్డు ఎవరిస్తారు? వెంకటమునిని వెతికి పట్టుకుంటే వాడు నీళ్లు నమిలి అంతా చెప్పాడు. నేరుగా రాజగోపాల్ దగ్గరికే పోయారు.

"అందరూ మెచ్చుకుంటున్నారయ్యా," అన్నాడాయన. "ఆ ఖాళీలోనే ఆలోచనంతా ఉంది."

"మీ బొమ్మ గీసి కండ్లు ఇడిసిపెడితే గూడా ఆలోచనే అంటారా సార్?"

ఇంతలో పశువులు తోలుకొచ్చిన రైతులు గేటు దగ్గర అడ్డం తిరిగారు. గుడ్డి ఆవు కింద మా ఆవుల్ని కట్టెయ్యం, అరిష్టం అన్నారు. ప్రారంభోత్సవానికి ఇంకా గంటే ఉంది. రాజగోపాల్ గేటుకూ బ్యానరుకూ మధ్య పరుగులు పెట్టాడు. కృష్ణమ్మ చెంగున పోయి అంగట్లో ఆకూ వక్కా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇవి మా ఆయనకియ్యండి సార్. మీ ఉద్యోగమేం పోదు."

ఇచ్చాడు. గంగాధరం రంగూ కుంచే తెప్పించుకుని, నిచ్చెనెక్కి బ్యానర్లకు కండ్లు తెరిచాడు. తర్వాత కవర్లు, బ్యాడ్జీలు. ఆఫీసర్లంతా వరసగా రొమ్ము విరుచుకుని నిలబడ్డారు. రాజగోపాల్ వంతొచ్చేసరికి ఆయనకు చక్కిలిగింత పుట్టింది.

"కదలాకండి సార్, కన్ను పొయ్యి తోకకు పడతాది!"

ఇక మిగిలింది కుప్పం రైల్వే స్టేషన్ ముందరి బ్యానరొక్కటే. మరుసటి రోజు రంగు డబ్బా పట్టుకుని అక్కడికీ పోయాడు. చూస్తే ఆ ఆవుకు అప్పటికే కన్నుంది. చెంపదాకా కాటుక, రెప్పకు బారెడు వెంట్రుకలు, నాటకాల పిల్ల కన్నులా ఉంది.

"నిన్న ఒక లారీ పెయింటరు ఏసిపోయినాడప్పా," అన్నాడు పక్కనున్న టీ అంగడాయన. "గుడ్డావును సూడలేక నేనే ఏపించినా. యాల, బాగలేదా?"

గంగాధరం తెల్లరంగులో కుంచె ముంచి కంటిదాకా ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. తెరిచిన కన్ను ఎవరు తెరిచినా చెరపకూడదు. అట్లాగని ఆ కాటుక తన పేరు మీద ఉండటమూ ఆయన వల్ల కాదు. కాసేపు తల గోక్కుని, కుంచె కడిగి నల్లరంగులో ముంచి, తన సంతకం కింద ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంకో వరస రాశాడు:

'కన్ను మాత్రం కుప్పం వాళ్లది.'